మా మిల్లు పల్లీలను నేనే పరీక్షించాను, ఇప్పుడు ఇంట్లో మాటల్లేవు

నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక అమ్మాయి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు వేయొద్దంది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం ఆమె చెప్పినట్టే ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో తిండి పదార్థాల్లోని బూజు విషాల మీద పరిశోధన జరిగే ల్యాబ్‌లో ప్రాజెక్టు ఉద్యోగం చేస్తోంది. ఊళ్లో వాళ్లకు పల్లికాయ కొట్టే మిషను, పక్కనే చిన్న గానుగ ఉన్నాయి. మిల్లు నాయిన పెట్టింది. మూడేళ్ల కింద ఆయన లివర్ జబ్బుతో పోయాక అన్న నడుపుతున్నాడు. "నా ఫీజులు, హాస్టలు, బస్ పాసు అన్నీ ఆ పల్లీలే కట్టినయి మేడమ్" అని రాసింది.

దసరాకు ఇంటికి పోయేసరికి వానాకాలం పంట మిల్లుకు వస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక సంచి పైనుంచి రెండు కిలోల గింజలు, ఇంకో సంచి పైనుంచి రెండు కిలోలు, గానుగ దగ్గర కిలో చెక్క (నూనె తీశాక మిగిలే పల్లి పిప్పి) తెచ్చుకుంది. అన్నకు చెప్పలేదు. ల్యాబ్‌లో అఫ్లటాక్సిన్ అనే బూజు విషానికి పరీక్ష చేస్తే మొదటి సంచిలో కిలోకు 74 మైక్రోగ్రాములు, రెండో దాంట్లో 9, చెక్కలో 112 వచ్చింది. మళ్లీ చేసినా దగ్గర దగ్గర అవే అంకెలు.

ఫోన్ చేసి చెబితే అన్న, "నువ్వు సదువుకున్నది మమ్మల్ని జైల్ల పెట్టనీకేనా? ఏండ్ల సంది అందరం తింటున్నం, ఎవ్వరికేమైంది?" అని పెట్టేశాడు. కోపంలో ఈమె, "నాయినకేమైందో నీకు తెల్వదా?" అని మెసేజ్ పెట్టింది. మూడు వారాలుగా అన్నాచెల్లెళ్ల మధ్య మాట లేదు. అమ్మ ఏడుస్తోంది. వదిన మాత్రం చాటుగా ఫోన్ చేసి అడుగుతోంది: బాబుకు 11 నెలలు, అన్నంలో పల్లి పొడి కలిపి పెడుతున్న, ఇంటి బర్రె పాలే తాగుతడు, బర్రెకు మన చెక్కనే, ఏం చెయ్యాలె? ఇక్కడ ల్యాబ్‌లో గైడుకు ఆ అంకెలు నచ్చాయి. జిల్లా మిల్లు నమూనా అని పరిశోధన పేపర్లో పెడదాం అంటున్నాడు.

ఆమె అడిగినవి: ఫుడ్ సేఫ్టీ అధికారికి చెప్పాలా? పేపర్లో పెట్టనివ్వాలా? నాయినను చంపింది మా పల్లీలేనా? వదినకు ఏం చెప్పాలి?

బిడ్డా, నువ్వు చివర అడిగింది నేను ముందు తీసుకుంటాను. ఆ పిల్లవాడికి రేపు పొద్దున కూడా పాలు పట్టాలి కదా.

వదినకు ఈ రాత్రే ఫోన్ చెయ్యి. బర్రెకు ఆ చెక్క ఆపమను. బర్రె తిన్న అఫ్లటాక్సిన్‌లో ముఖ్యమైన బి1 రకంలో సుమారుగా నూటికి ఒకటి రెండు వంతులు ఎం1 అనే రూపంలో పాలలోకి దిగుతుంది. కాచినా, తోడు పెట్టినా పోదు. అయితే చెక్క మానేసిన మూడు నాలుగు రోజులకే పాలలో దాదాపు లేకుండా పోతుంది. బర్రె రోజుకు కిలోన్నర చెక్క తింటుందని, ఐదు లీటర్లు ఇస్తుందని రాశావు. లెక్క వేసి చూశాను. 112 చొప్పున కిలోన్నరకు 168 మైక్రోగ్రాములు. అందులో నూటికి ఒకటో రెండో పాలలోకి వస్తే లీటరుకు 0.34 నుంచి 0.67 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. మన దేశంలో పాలకు పెట్టిన హద్దు కిలోకు 0.5. అంటే ఆ పాలు సరిగ్గా హద్దు మీద అటో ఇటో ఉన్నాయి. నీ 112లో బి1 ఒక్కటే కాక మిగతా రకాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అసలు అంకె ఇంకాస్త తక్కువే ఉండొచ్చు. ఇది నా అంచనా మాత్రమే. పాలు పరీక్షిస్తే గానీ తేలదు. కానీ పరీక్ష ఫలితం వచ్చేలోపే బర్రె దాణా మార్చేయొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొన్నాళ్లు పచ్చిగడ్డి, పొడిగా ఉన్న తవుడు, బూజు వాసన లేని దాణా చాలు.

ఇంట్లో ఉన్న పల్లి పొడి కూడా పక్కన పెట్టమను. వేయిస్తే ఈ విషం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. బాబుకు పెసరపప్పు, కందిపప్పు, గుడ్డు పెట్టవచ్చు. వదిన చంటివాడికి విషం పెట్టానని కుమిలిపోకుండా ఒక మాట చెప్పు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన ఊళ్లలో బూజు పట్టిన మక్కలు తిని వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ మక్కల్లో కిలోకు వేల మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ ఉన్నట్టు తేల్చారు. మీ ఇంటి అంకెలు ఆ కోవలోవి కావు. ఇక్కడ భయం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోయేదాని గురించి. కొన్ని నెలలు తిన్నది ఇవాళ ఆపగలిగితే అదే పెద్ద మేలు.

ఇక నీ అంకెల సంగతి. పాలమూరులో ముప్పై ఏళ్లు పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పినదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పల్లీల్లో అఫ్లటాక్సిన్ ఉప్పులాగా సమంగా కలిసి ఉండదు. వెయ్యి గింజల్లో 999 శుభ్రంగా ఉండి, ఒక్క గింజలోనే మొత్తం విషం ఉండవచ్చు. అది నీ గిన్నెలో పడితే 74, పడకపోతే 9. అందుకే కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో పల్లీల లాట్ (ఒక దఫా సరుకు) పరీక్షకు 20 కిలోల నమూనా తీయమంటారు, అదీ లాట్‌లో అనేక చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి, మర పట్టి. నువ్వు రెండు సంచుల పైభాగం నుంచి రెండేసి కిలోలు తెచ్చావు. నీ చేతికి వచ్చిన రెండు కిలోల గురించి నీ పరీక్ష నిజమే చెప్పింది. మిల్లులో ఉన్న సరుకు గురించి అది చెప్పలేదు. ఇది నీకు తెలియనిది కాదు, రోజూ ల్యాబ్‌లో చేసే పని. ఇంటి సంచి కాబట్టి మర్చిపోయావు.

చెక్క మాట వేరు. అది గానుగలో నలిగి కలిసిపోయిన పదార్థం, ఎన్నో వేల గింజల సగటు. కాబట్టి మూడు అంకెల్లో నేను ఎక్కువ నమ్మేది 112నే. తినడానికి తయారుగా ఉన్న పల్లీలకు మన ప్రమాణం కిలోకు 10 మైక్రోగ్రాములు, ఇంకా శుభ్రం చేయాల్సిన గింజకు 15. పశువుల దాణాకు 20. యూరప్ వాళ్లయితే నేరుగా తినే పల్లీలకు 4 దాటనివ్వరు. చెక్కలో అంత ఎందుకు వచ్చిందో నీ ఉత్తరం ఐదో పేజీలోనే ఉంది, నువ్వు గమనించలేదు. మంచి గింజ ఏరి వ్యాపారికి పోతుంది, ముడతలు పడ్డవి, పగిలినవి, రంగు మారినవి వేరు చేసి గానుగకు పోస్తాం అని రాశావు. అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ ఏరేసిన గింజల్లోనే. నూనె తీసినప్పుడు విషంలో పెద్ద వంతు చెక్కలో మిగులుతుంది, కొంత మడ్డితో పాటు నూనెలోకీ వస్తుంది. అంటే ఊరికి మంచి గింజ అమ్మి, పాడు గింజ నూనె మీ ఇంట్లో, చెక్క మీ బర్రెకు వెళ్తున్నాయి. మీ అన్న ఎవరినీ మోసం చేయలేదు. తెలియక అందరికంటే ఎక్కువ నష్టం తన ఇంటికే చేసుకుంటున్నాడు. ఆయనతో మాట్లాడేటప్పుడు మొదలుపెట్టాల్సిన చోటు ఇదే అని నాకనిపిస్తుంది.

"ఎవ్వరికేమైంది" అన్న మాటకు నీకు కోపం వచ్చింది. నాకు రాలేదు. పెళ్లి భోజనంలో బ్యాక్టీరియా ఉంటే రాత్రికే వాంతులు, విరేచనాలు, ఊరంతా తెలుస్తుంది. దీనికి వాసన లేదు, రుచి లేదు, మర్నాడు జ్వరం లేదు. కంటికి బూజు కనిపించని గింజలో కూడా ఉండగలదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే అక్కడి పశువైద్యులకే మొదట అంతుబట్టక దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క దాణాలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విషం దొరికింది. అట్లా మొట్టమొదట పట్టుబడిందే పల్లి చెక్కలో. చదువుకున్న డాక్టర్లకే ముందు దొరకనిది, మిషను నడిపే మనిషికి కళ్లతో చూసి తెలియాలనడం న్యాయం కాదు.

అసలు తప్పు ఎక్కడ మొదలవుతుందో కూడా నువ్వే రాశావు. కాయ మిషన్‌లో పోసే ముందు రాత్రి నీళ్లు చల్లుతారు, గింజ పగలకుండా ఉండాలని. పగలని గింజకు నాలుగు రూపాయలు ఎక్కువ. ఇది మీ ఒక్క మిల్లు అలవాటు కాదు, చాలా చోట్ల ఉన్నదే. ఆ తడి గింజను కొట్టిన వెంటనే గోనె సంచుల్లో నింపి, బండల మీద గోడకు ఆనించి పేర్చితే బూజుకు కావాల్సినవన్నీ దొరికినట్టే. గింజలో తేమ నూటికి 7 లోపు ఉంటే ఆ బూజు పెరగలేదు. నీళ్లు చల్లడం పూర్తిగా మానితే గింజ పగులుతుంది, ధర పడుతుంది, అన్న ఒప్పుకోడు. చల్లక తప్పకపోతే కొట్టాక గింజను ఒకటి రెండు ఎండలు ఆరబెట్టి, ఆ తర్వాత సంచుల్లో నింపాలి. దానికి స్థలం కావాలి, ఇద్దరు కూలీలు కావాలి, రెండు రోజులు సరుకు ఆగుతుంది. అది ఖర్చే, కాదనకు. పేర్చేటప్పుడు కింద పలకలు వేసి, గోడకు జానెడు ఎడం వదలడానికి మాత్రం ఖర్చు పెద్దగా లేదు.

అంతా మిల్లులోనే జరిగిందనీ అనుకోకు. మన ఎర్ర చెల్కల్లో కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే, బూజు చేనులోనే గింజలోకి దిగుతుంది. చెదలు కొరికిన కాయ, పీకేటప్పుడు దెబ్బ తిన్న కాయ దానికి తలుపు తీసిపెడతాయి. పీకిన తర్వాత వాన పడితే ఇంకా ఘోరం. వానాకాలం పంటకు ఈ కష్టాలన్నీ ఉంటాయి. యాసంగి పల్లి బోరు కింద పండి, పొడి ఎండల్లో ఆరుతుంది కాబట్టి సాధారణంగా దాని పరిస్థితి మెరుగు. నువ్వు పరీక్షించింది ఏడాదిలో అన్నిటికంటే గడ్డు సరుకు.

ఏరేసిన గింజ ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, ఎందుకంటే అది డబ్బు. గానుగకు పోయడం ఆపితే ఆ నూనె డబ్బు పోతుంది. వ్యాపారికి అగ్గువకు అమ్మితే విషం ఇంకొకరి పల్లి పట్టీలోకో, ఇంకొకరి బర్రె గాబులోకో చేరుతుంది. నాకు కనిపిస్తున్న మధ్య దారి ఒకటుంది. ముడతలు పడి కుచించుకుపోయినవి, బూజు కనిపించేవి, రంగు మారినవి తీసేసి పొయ్యిలో వేయడం, రంగు మంచిగా ఉండి పగిలినంత మాత్రాన వేరైన గింజను ఏ రోజుకు ఆ రోజు ఆడించడం, నూనెను మడ్డి దిగేదాకా నిలవ ఉంచి వడకట్టడం. ఆ చెక్కను మళ్లీ పరీక్షించి చూడు. 20 లోపు వస్తే బర్రెకు పెట్టుకోవచ్చు. రాకపోతే అది చేనుకు ఎరువు.

నాయిన గురించి. ఆ మెసేజ్ నువ్వు పంపకుండా ఉండాల్సింది. అఫ్లటాక్సిన్ లివర్ క్యాన్సర్ కలిగిస్తుందన్నది అనుమానం లేని విషయం, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వరుసలో పెట్టింది. కానీ ఒక మనిషి లివర్ ఎందుకు పాడైందో మూడేళ్ల తర్వాత ఒక సంచి పల్లీలు చూసి ఎవ్వరూ చెప్పలేరు, నువ్వూ చెప్పలేవు. హెపటైటిస్ బి, మద్యం, షుగరు, కొవ్వు పట్టిన లివర్, ఇందులో ఏదైనా కావచ్చు, రెండు మూడు కలిసీ కావచ్చు. నీ ఉత్తరంలో ఆయన రిపోర్టులు బీరువాలో ఉన్నాయని ఉంది. వాటిలో ఒక్కటి వెతుకు: హెపటైటిస్ బి పరీక్ష చేశారా, ఏమొచ్చింది? అది ఉన్నవాళ్లకు అఫ్లటాక్సిన్ కూడా తోడైతే లివర్ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆయనకు ఉండి ఉంటే అమ్మ, అన్న, నువ్వు, వదిన అందరూ ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. రిపోర్టు దొరక్కపోయినా చేయించుకోండి. బాబుకు పుట్టినప్పటి నుంచి వేయాల్సిన టీకాల్లో అది ఉంది, కార్డు ఒకసారి చూడమను. నాయిన పేరు ఎత్తాల్సి వస్తే ఈ పని కోసం ఎత్తు. అన్న మీద నేరం మోపడానికి ఎత్తితే, ఆ మాట ఆయన చెవిలో జీవితాంతం ఉంటుంది. ఆయన కూడా తండ్రిని పోగొట్టుకున్నవాడే, పైగా ఆ మిల్లులో రోజూ ఆయన కూర్చున్న చోటే కూర్చుంటున్నాడు.

గైడు పేపర్ విషయంలో నాకు సందేహమే లేదు. అడగకుండా తెచ్చిన నమూనా, ఒక మిల్లు, సంచి పైభాగం. దాని మీద జిల్లా పేరు పెట్టి రాస్తే అది పరిశోధన అనిపించుకోదు, పైగా మీ ఊరి పల్లికి ధర పడేస్తుంది. ఎక్కడి నుంచి, ఎట్లా తెచ్చావో గైడుకు ఉన్నదున్నట్టు చెప్పి ఆ అంకెలు వెనక్కి తీసుకో. ఆయన చిన్నబుచ్చుకోవచ్చు, ఒక పేపర్ నీకు పోవచ్చు. బదులుగా, మిల్లుల అనుమతితో, తేమ చూసి, నీళ్లు చల్లక ముందూ చల్లాకా సరిగ్గా నమూనాలు తీసే పని ప్రతిపాదించు. మీ జిల్లాలోనే పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏళ్ల తరబడి ఇదే సమస్య మీద పని చేసి, తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్షలు కూడా తయారు చేసింది. అడిగితే దారి చూపేవాళ్లు దూరంలో లేరు.

అధికారికి ఫిర్యాదు చేయడం నీ హక్కు, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఏమవుతుందో తెలిసి చెయ్యి. నీ ల్యాబ్ కాగితం అక్కడ సాక్ష్యంగా నిలవదు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం అధికారి తనే వచ్చి నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. విశ్లేషణ రిపోర్టు 14 రోజుల్లో రావాలి. ఏ సంచిలో చెయ్యి పెడతాడన్నదాన్ని బట్టి అది 9 రావచ్చు, 74 రావచ్చు. 9 వస్తే అన్న గెలిచానని నీళ్లు చల్లుతూనే ఉంటాడు. 74 వస్తే కేసు, మిల్లు మూత, ఇంట్లో నీకు చోటు ఉండదు, కాయ ఇంకో మిల్లుకు పోతుంది, అక్కడా నీళ్లే చల్లుతారు. ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, చాలామంది అదే చేస్తారు. కానీ ఆ గింజ తినేవాళ్లలో మీ బాబు లాంటి పిల్లలు ఇంకా ఉన్నారు, నువ్వు ఊరుకోలేవని నీ ఉత్తరమే చెబుతోంది. నేనైతే అన్నకు ఒక పంట కాలం ఇస్తాను. అంతా వివరంగా చెప్పి, చూపించి, సాయం చేశాక కూడా బూజు గింజలు తెలిసి తెలిసి తిండికి అమ్ముతుంటే, అప్పుడు ఫిర్యాదు మాట మళ్లీ ఆలోచించు. ఆ రోజు ఆయన తెలియదు అనలేడు.

యాసంగి కాయ జనవరి, ఫిబ్రవరుల్లో మిల్లుకు వస్తుంది. దానికి ముందే ఒక ఆదివారం ఊరికి పో. ముందు ఆ మెసేజ్‌కు క్షమాపణ చెప్పు, అమ్మ ఎదురుగానే చెప్పు. ఆ రోజు పల్లీల మాట ఎత్తకు. మర్నాడు పొద్దున మిషన్ దగ్గర అన్న పక్కన నిలబడి, వెంట తీసుకుపోయిన తేమ కొలిచే మీటరును నీళ్లు చల్లిన గింజలో ఒకసారి, ఎండలో ఆరిన గింజలో ఒకసారి పెట్టి ఆ అంకెలు ఆయననే చదవమను. తర్వాత అడుగు: "అన్నా, ఏరేసిన గింజ గానుగకు పోస్తున్నం గదా, ఆ చెక్కనే మన బర్రె తింటుంది, ఆ పాలే బాబు తాగుతుండు. దీనికేం చేద్దాం?" ఆ మిషను గురించి ఆయనకు తెలిసినంత నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎక్కడ ఆరబెట్టాలో, ఎవరిని పెట్టుకోవాలో, వ్యాపారికి ఏం చెప్పి రెండు రోజులు ఆపాలో ఆయనే చెబుతాడు. అప్పుడు ఆయన అనుమతితో, ఆయన చేత్తోనే సంచుల అడుగు నుంచి కూడా నమూనాలు తీయించి తెచ్చుకో.